ఉత్తుత్తి కిటికీలో తెల్ల గీత

లడ్లో, మే 9, 1956

తమ్ముడు విల్ఫ్‌కి, అమ్మ ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చింది. తుంటి ఎముక అతుక్కుంటోంది, కంగారు పడకు.

మన ఇంటికీ పక్క ట్రాంటర్ గారి ఇంటికీ సరిగ్గా మధ్యన, పైన ఉన్న ఉత్తుత్తి కిటికీ గుర్తుందిగా. జంట ఇళ్ళ ముఖం నిండుగా కనబడాలని పాతకాలపువాళ్ళు ఇటుకలతోనే కట్టిన కిటికీ. నలుపు మీద తెల్ల గీతలు వేసి అద్దాలనిపించాలి. ఏటా వసంతంలో ఎవరి సగానికి వాళ్ళే రంగు వేస్తారు. "మీ అడ్డగీత రెండంగుళాలు కిందికి పోయిందయ్యా" అని అమ్మ ట్రాంటర్ గారితో అన్న రోజు నుంచి పదకొండేళ్ళుగా ఇద్దరికీ మాటల్లేవు.

మొన్న టాక్సీ దిగి తలెత్తి చూసిన అమ్మ అక్కడే నిలబడిపోయింది. ఆయన మన సగానికీ రంగు వేశారు. తన పాత గీత చెరిపేసి, అమ్మ గీతకు సమంగా కొత్తది గీశారు. థాంక్స్ చెప్పబోతే నన్ను నోరెత్తనివ్వలేదు. "నిచ్చెన ఎలాగూ వేశాను కదమ్మాయ్. మీ అమ్మదే సరైన గీత అని మాత్రం ఆవిడతో అనకు."

పాపకు దగ్గు తగ్గిందా? స్వెటర్ అల్లుతాను, చేతి కొలత రాయి. నువ్వు పట్టుకుపోయిన అమ్మ సన్న కుంచె వెంటనే పంపు. వచ్చే ఏడు ఆయన సగం కూడా తానే వేస్తుందట.

మీ ముగ్గురికీ అమ్మ దీవెనలు. ఈ కార్డు పోస్టు డబ్బాలో వేస్తానని తీసుకెళ్తున్నది ఆయనే, దారిలో చదవకుండా ఉండలేరు. ట్రాంటర్ గారూ, గీత చాలా తిన్నగా వచ్చింది. అమ్మ ఏడ్చింది.

అక్క హెస్టర్