పాట ఆగిన చోటు

అక్కా,

నువ్వు పోయాక ఇది మొదటి తునికాకు కోత. భద్రాచలంలో డిగ్రీ ముగించుకుని వచ్చిన నీ కూతురు లక్ష్మి నాతో అడవికి వచ్చింది. మనిషి గొంతు వినబడితే గుడ్డెలుగు తప్పుకుంటుందని, ఆకు కోసినంతసేపూ గట్టిగా పాడమన్నాను.

"ఏం పాడాలె చిన్నమ్మా?"

"ఏదొస్తే అది. ఆపకు మాత్రం."

నీకిష్టమైన నాట్ల పాటే ఎత్తుకుంది. పొదల అవతల మనిషి కనబడకపోయినా గొంతు వినబడుతూనే ఉంది. రెండో చరణం మధ్యలో ఉన్నట్టుండి ఆగిపోయింది.

కోసిన ఆకు అక్కడే పడేసి, కర్ర పట్టుకుని ముళ్లపొదల్లో పడి పరిగెత్తాను. లక్ష్మి నింపాదిగా ఆకు కోస్తోంది. ఒక్కటి వేద్దామన్నంత కోపం వచ్చింది.

"ఎందుకు ఆపినవే?"

"ఆపలే చిన్నమ్మా. పాటల అక్కడ జరసేపు ఆగాలె గదా? అమ్మ గట్లనే పాడేది."

తర్వాతి మాట ఎప్పుడూ గుర్తుండక నువ్వు అక్కడ ఆగేదానివి. కోతల్లో పక్కనుండి నేనే అందించేదాన్ని. ఇంట్లో ఒక్కదానివే పాడుకున్నప్పుడు ఎంతసేపు వెతుక్కున్నావో.

లక్ష్మికి ఆ సంగతి చెప్పలేదు. ఇద్దరం పాట మళ్లీ మొదటినుంచి అందుకున్నాం. అక్కడికి రాగానే నేనూ ఆగాను.