అక్క తిట్టిన తిట్టు

సెయింట్ పాల్, అమెరికా

ప్రియమైన పో వా అక్కా,

నాకు వృద్ధాశ్రమంలో ఉద్యోగం వచ్చింది! ముసలివాళ్లను నొప్పి తెలియకుండా పక్కకు తిప్పడం కాలేజీలో చక్కగా నేర్పారు. కానీ ఇంటర్వ్యూలో "నీలో గొప్పేమిటో చెప్పు" అంటారు. సొంత గొప్ప చెప్పుకోవడం తప్పని పెరిగిన మన బర్మా కరెన్ జాతి పిల్ల ఆ మాట తన నోటితో ఎలా చెబుతుంది? తల దించుకుని కూర్చుని రెండు ఉద్యోగాలు పోగొట్టుకున్నాను.

కాలేజీతో కలిసి ఈ శిక్షణ నడిపేది ఇక్కడి మన కరెన్ సంఘమే. అందులో పనిచేసే సే మూ టీచరమ్మ, "నిన్ను నువ్వు పొగుడుకోవద్దులేవే. మీ అక్క నిన్నేమంటుందో చెప్పు, చాలు" అంది.

మూడో ఇంటర్వ్యూలో, ఈ వృద్ధాశ్రమం మేనేజరమ్మకు అదే చెప్పేశాను. "మొండిఘటం అని తిడుతుందండీ. శరణార్థి శిబిరంలో అమ్మ మంచాన పడితే, పోయి పడుకోమన్నా పక్కనుంచి కదల్లేదని."

మేనేజరమ్మ నా ఫారం మీద ఏదో రాసుకుంది. తర్వాత "సోమవారం వచ్చెయ్" అంది.

నీ తిట్టే నాకు కూడు పెట్టిందక్కా. మిగతా తిట్లు కూడా రాసి పంపు, జీతం పెంచమని అడగాలి.

నీ మొండిఘటం