కాలి భత్యం

ఏమండీ,

మీ నాన్నగారు నా మాట వినడమూ, గోదావరి ఎదురు పారడమూ ఒకటే. గంజి పొయ్యి మీద ఉంది, తాగించండి. మంచానికి ఎడమపక్క కూర్చోకండి, లేని కాలు అక్కడే ఉందంటున్నారు.

నేను వద్దన్నా ఆయన, జమీందారుగారు శాలువా కప్పి ఇచ్చిన చిన్న పింఛను పుచ్చుకున్నారు. రెండు చోట్ల పుచ్చుకోకూడదట; దాంతో, కాలవ లాకు తలుపుల్లో కాలు పోయినందుకు కాలవ ఆఫీసువారు ఇచ్చే భత్యం ఆగిపోయింది. ఆ భత్యమే మన ఇంటి బియ్యం. అది ఆగినప్పటి నుంచే ఆ కాలు నొప్పట. పొద్దున ఒత్తమంటే ఒట్టి దుప్పటే ఒత్తాను. వెచ్చగా తగిలింది. నవ్వకండి.

పింఛను వదులుకుంటామన్న అర్జీ పట్టుకుని, కాలవ ఆఫీసుకని ధవళేశ్వరం పడవెక్కుతున్నాను.

రూతు

మరిచాను. అర్జీ మీద సంతకం పెట్టి, మంచం మీద కాలుండాల్సిన ఆ ఖాళీ జాగా వైపు చూస్తూ పైకే అన్నారు: "పరువుకి పోయి నీ కూడు చెడగొట్టాను. తప్పు నాదేరా."