కారు ఆయిల్ మార్చలేదు తల్లీ

మన వంశంలో మొదటి కారు కొన్న నా బంగారుతల్లి రేణుకు ఉద్దనపల్లి నుంచి నిన్ను కన్న అప్ప కోటి దీవెనలు. ఫోన్లో నన్ను మాట్లాడనివ్వవు, అందుకే రాస్తున్నాను.

ట్రైనింగ్‌కు పోతూ నువ్వు కారు మన వాకిట్లో వదిలినప్పటి నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. మొన్న తుడుస్తూ ఆయిల్ పుల్ల తీసి చూస్తే నల్లగా ఉంది. మనసాగక రాయకోట షెడ్డులో కొత్త డబ్బా కొనుక్కొచ్చాను. అయినా పోయించలేదమ్మా! "నల్లబడితే చెడినట్టు కాదప్పా, ఇంజన్లో మురికిని అది పట్టుకుంటా ఉండాదని అర్థం. కారు పుస్తకంలో చెప్పిన కిలోమీటర్లు రానీ" అని ఫోన్లో అన్నావు కదా. మసి పట్టిందని రాగిముద్ద వండే కుండను మీ అమ్మ పారేస్తుందా అనుకుని చేతులు కట్టుకున్నాను.

ఆ డబ్బా వాపసు ఇద్దామని షెడ్డుకు పోతే, నేను నోరు తెరవకముందే మెకానిక్ శశికుమార్ నలుగురిలో నవ్వినాడు. "రాండి పెద్దప్పా, రాండి! 'మా అప్ప ఆయిల్ మార్చమని వస్తాడు, మార్చొద్దు' అని రేణక్క అప్పుడే ఫోన్ చేసి చెప్పేసింది!"

ఎంత అవమానం! కన్నతండ్రి మీద ముందుగానే ఫిర్యాదా? వాపసు ఇవ్వడానికే వచ్చానంటే ఒక్కడైనా నమ్మితే ఒట్టు. వాడిచ్చిన టీ కూడా ముట్టలేదు. డబ్బా మళ్లీ మోసుకొచ్చి బీరువా మీద పెట్టాను.

ఇక కిలోమీటర్లు నువ్వే పూర్తి చెయ్యాలి. వచ్చి నన్నూ మీ అమ్మనూ కృష్ణగిరికి తిప్పు. దారిలో ఆ షెడ్డు ముందు కారు ఆపి, "మా అప్ప మార్చలేదు" అని గట్టిగా చెప్పు. నేను ముందు సీట్లోనే కూర్చుని ఉంటాను.

మీ అప్ప