సినిమాలో నా పేరే ఉంటుంది

హన్మకొండ

అన్నకు, వదినకు మీ చెల్లె సరోజన శనార్తులు.

అందరూ ఎలా ఉన్నారు? వదిన మోకాళ్ల నొప్పి తగ్గిందా? బర్రె ఈనిందా? నేను బాగున్నాను. ఒట్టేసి చెబుతున్నా, బాగున్నాను.

మొన్న ఫోన్‌లో "నువ్వు ఆ సినిమాల కనవడితివా, మల్ల మా ఇంటికి రాకు" అని టక్కున పెట్టేశావు. మళ్లీ చేస్తే ఎత్తలేదు. అందుకే ఈ ఉత్తరం. దీన్ని మధ్యలో కట్ చేయలేవు కదా. చింపుకుంటే చింపుకో, కానీ చదివి చింపు.

ఇక్కడ ఎండలు మండిపోతున్నాయి. హాస్టల్ వంటింట్లో పొయ్యి ముందు నిలబడితే మన పరకాల ఎండే నయమనిపిస్తుంది. ఆడపిల్లలకు పొద్దున ఉప్మా, మధ్యాహ్నం పప్పు, వారానికోసారి కోడికూర. అంతమందికి వండుతాను గానీ, ఆదివారం పిల్లలు ఇళ్లకు పోతే నా పళ్లెం ముందు నేనొక్కదాన్నే. అప్పుడు ఏడుపొస్తుంది, దాచడం ఎందుకు? కల్లు గుర్తొచ్చి కాదు. కల్లు దుకాణం ముందు కూర్చుని చెప్పుకున్న ముచ్చట్లు గుర్తొచ్చి. అయినా కల్లు మాన్పించే వార్డులో నన్ను చూసిన డాక్టరమ్మ దగ్గరికి ఇప్పటికీ పోతున్నాను. నువ్వు ఫికర్ చేయకు.

ఇక సినిమా సంగతి. మా హాస్టల్లోనే ఉండి చదువుకున్న స్వాతి అనే అమ్మాయి తన దోస్తులతో కలిసి తీస్తోంది. పెద్ద కంపెనీ లేదు, పాటలు లేవు, ఫైటింగులు లేవు. కెమెరా కూడా అడిగి తెచ్చుకున్నదే. మత్తుమందు కలిపిన కల్లుకు అలవాటైన ఒక ఆడమనిషి దవాఖానలో బాగుపడి ఊరికి తిరిగొస్తే ఊరు ఏం చేస్తుంది అన్నదే కథ. నన్ను మొదట వంటకే పిలిచారు. రెండు రోజులకు స్వాతి వచ్చి, "ఆంటీ, నువ్వు చెప్పిన ముచ్చట్లు విని రాసిన. నువ్వు ఉండంగ వేరేటామె ఎందుకు? నువ్వే చెయ్యి" అంది.

నేను పడీ పడీ నవ్వాను. తర్వాత ఒక్కటే అడిగాను.

"ఆమె ఆఖర్ల సస్తదా?"

"సావది ఆంటీ."

"అయితే చేస్త."

పాలంపేట దగ్గర ఒక ఊళ్లో, మల్లయ్య తాత అనే పెద్దమనిషి ఇంట్లో షూటింగు పెట్టారు. దావత్ సీను. ఊరికి తిరిగొచ్చిన నా చేతిలో దొన్నెలా మడిచిన తాటిరేక పెట్టి, తాగమని చుట్టాలు బలవంతం చేయాలి. లొట్టిలో కల్లుకు బదులు పల్చటి చల్ల పోసిపెట్టారు. నేను రేకను నోటిదాకా తెచ్చి, తాగలేక ఏడవాలి. అదీ రాసుకున్నది.

కెమెరా తిరుగుతోంది. లొట్టి వంచగానే వాసన కొట్టింది. చల్ల కాదు, అప్పుడే చెట్టు దిగిన కల్లు! నోట్లో నీళ్లూరాయి అన్నా. ఒళ్లంతా అటే గుంజింది. వదిన వేషం వేసిన అమ్మాయికి ఇదేమీ తెలియదు, తన మాట తాను చెప్పింది. "జరంత తాగు, ఒక్క రేకతోటి ఏమైతది?" పోయిన దసరాకు నువ్వు నాతో అన్నది అచ్చం ఆ మాటే.

నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. తాగేముందు నేలతల్లికి నాలుగు చుక్కలు సాక పోస్తాం కదా. నేను రేకలోదంతా పోశాను. ఊరుకోకుండా లొట్టి ఎత్తి అది కూడా కుమ్మరించాను. "తల్లీ, నా వంతు గూడ నువ్వే తాగు" అన్నాను. ఎవరూ కట్ చెప్పలేదు.

మల్లయ్య తాత మాత్రం లబోదిబోమంటూ ఉరికొచ్చాడు. "అయ్యో, మంచి చెట్టు కల్లు గద బిడ్డా! ఇంటికొచ్చిన సుట్టాలకు లొట్టిల సల్ల పోస్తే నా ఇజ్జత్ ఏంగావాలె? అందుకే నేనే మార్చిన" అన్నాడు. పాపం, మర్యాద చేద్దామనుకున్నాడు. సంగతి తెలిశాక నా రెండు చేతులూ పట్టుకున్నాడు. స్వాతి అయితే ఒకటే ఏడుపు, ఈ సీను తీసేస్తానంది. "తీసేస్తే నీకు అన్నం పెట్ట" అన్నాను. ఉంచింది.

నువ్వు కోపం చేశావని తెలిసి, పేరు మార్చి వేస్తానని కూడా అంది. "నా పేరే వెయ్యి. ఇంటిపేరుతోని వెయ్యి. మా ఊరి పేరు గూడ వెయ్యి" అని చెప్పాను. మత్తుకల్లుకు మెడ వంకర్లు తిరిగి దుకాణం ముందు పడి ఉన్న రోజు నేను ఎవరి చెల్లెనో ఊరంతటికీ తెలుసు. పడ్డప్పుడు పోని ఇజ్జత్ లేచి నిలబడితే పోతుందా అన్నా? ఇప్పుడెందుకు దాక్కోవాలి? దాక్కోను.

వదిన చింతకాయ తొక్కు పెడితే ఒక డబ్బా పంపించమను. హాస్టల్లో ఎంత వండినా ఆ రుచి రాదు. చిన్నమ్మకు, బాపుకు నా దండాలు చెప్పు. మీ దీవెన ఉంటే చాలు. లేకపోయినా సినిమా ఆగదు, ఆ మాట కూడా వాళ్లకు చెప్పు.

ఇంకొక్క మాట. పోయిన నెల వీడియో కాల్‌లో నీ చేతిలో చాయ గ్లాసు చూశాను. కల్లు దుకాణం ఇంకా తెరవని పొద్దు. చాయ లుంగీ మీద ఒలికింది. వదిన గబుక్కున ఫోన్ పక్కకు తిప్పింది. ఆ వణుకు ఏమిటో నాకు ఒకరు చెప్పాలా? నీ కోపం నేను సినిమాలో కనబడతానని కాదు. అందులో నీకు నువ్వు కనబడతావని.

ఒక్కసారిగా మానకు, ఫిట్స్ వస్తాయి, ప్రాణం మీదికొస్తుంది. దవాఖానకు రా. వార్డులో పక్కన ఉండడానికి ఇంటి మనిషి ఒకరు కావాలంటారు. నాకు ఎవరూ రాలేదు. నీకు నేను ఉంటాను.

నీ చెల్లె,
సరోజన