తాతయ్య అన్న అవును

మార్చి పద్నాలుగు.

మనవడికి,

ఆదివారం నువ్వు తాతయ్య చేత వేలిముద్ర వేయించుకున్నావని ఈ రోజే తెలిసింది, అందుకే రాస్తున్నాను. "తాతయ్యా, దర్జీ దుకాణం అమ్మేద్దామా?" అంటే "అవును" అన్నారట. మెదడు ఎడమభాగం దెబ్బతిన్నాక ఆయన నోటికి మిగిలిన మాట అదొక్కటే. డాక్టరు నీ ముందే చెప్పారు. ఈ పొద్దున కట్టుకున్న పెళ్లాన్ని నేనే "మీకింకా పెళ్లి కాలేదు కదూ?" అన్నాను. "అవును" అంటూనే తల అడ్డంగా ఊపారు. మాట పోయింది గాని మతి పోలేదు. నీకూ అలాగే ఊపి ఉంటారు. నువ్వు కాగితం వంక చూస్తూ ఉండి ఉంటావు.

ఇక జరగవలసినవి:

1. ఆ కాగితం నాకు చేరాలి.
2. అమ్మకం లేదని కొనేవాడికి నువ్వే చెప్పాలి.
3. వచ్చి తాతయ్యను క్షమించమని అడగాలి. "అవును" అంటారు. క్షమించారనుకోకు.