దవాఖానకు వెళ్లిన స్వామి

సిరిసిల్ల,
ఆదివారం.

అత్తమ్మ పాదాలకు మొక్కి జమున రాస్తున్నది. ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. అక్కడ నువ్వూ, మా ఆడబిడ్డ రోజారాణీ, దాని పురిటి బిడ్డా చల్లగా ఉన్నారని తలుస్తున్నాను.

భివండి బస్సులో వచ్చిన హనుమండ్లన్న నీ ఉత్తరం తెచ్చిచ్చాడు. రోజా వాళ్లది ఒకటే గది, ఫోన్లో మాట్లాడితే ఇంటిల్లిపాదీ వింటారని ఉత్తరం రాశానన్నావు. మంచి పని చేశావు. నా దగ్గరా నోటితో చెప్పలేని సంగతులు ఉన్నాయి. ఇది కూడా అన్న చేతికే ఇచ్చి పంపుతున్నాను.

ముందు నువ్వు అడిగినవి చెబుతాను. పెరట్లో నువ్వు పెట్టిన బెండ విత్తులు మొలిచాయి. పక్కింటి కోడి ఒకసారి కెలికింది, మళ్లీ పెట్టాను. మామిడికాయ తొక్కు జాడీ నువ్వు వచ్చేదాకా విప్పవద్దన్నావు, విప్పలేదు. అబద్ధమెందుకు, విప్పాను. సగమైంది. నీ కొడుకును అడుగు. సాంచాల మీద నేత పని ఈ నెల బాగుంది. బడిపిల్లల బట్టల ఆర్డరు వచ్చింది. ఆయన సాంచాలు నడుపుతున్నాడు, అదే కార్ఖానాలో నేను నూలు కండెలు చుడుతున్నాను. నీ మోకాళ్ల నొప్పి ఎలా ఉందో నువ్వు రాయలేదు. రాయకపోతే ఎక్కువైందని అనుకుంటాను.

ఇక అసలు ప్రశ్న. "కరీంనగర్ల పిల్లల కోసం చూసే డాక్టరమ్మ దగ్గరికి పోయిండ్రా? జమునల ఏం లోపమున్నదట?" అని రాశావు. పోయాం అత్తమ్మా, ఇద్దరం పోయాం. లోపం సంగతి చెబుతాను. కాని వరుసగా చెప్పనీ, లేకపోతే నువ్వు సగం చదివి బెంగ పెట్టుకుంటావు.

పెళ్లయిన ఇన్నేళ్లలో నేను ఎక్కని దవాఖాన మెట్లు లేవు, తాగని పసరు లేదు. నీ కొడుకు మాత్రం దవాఖాన బయట టీ కొట్టు దాటి లోపలికి రాలేదు. "ఆడోళ్ల దవాఖానల నాకేం పని?" అనేవాడు. ఈసారి కరీంనగర్‌లో ఫోనెత్తిన నర్సమ్మ, "ఇద్దరు వస్తెనే డాక్టరమ్మ చూస్తది. ఒక్కదానివైతే రాకు" అన్నది. నేను ఫోన్ స్పీకర్లో పెట్టి ఆయన చెవి దగ్గరే పట్టాను. తలూపక తప్పలేదు.

అయితే నువ్వు భివండి బండెక్కేముందు, సంతానం కోసం హనుమాన్ మాల వేసుకొమ్మని ఆయనకు చెప్పి పోయావు గదా. వేసుకున్నాడు. డాక్టరమ్మ ఇచ్చిన తారీఖు సరిగ్గా ఆ దీక్షలోనే పడింది. దేవుడూ డాక్టరూ ఒక్కసారే కలిసొచ్చారని నేనూ సంబరపడ్డాను. మన ముగ్గురి తెలివీ అంతే అత్తమ్మా. మాలలో ఉన్న మగవాణ్ని అక్కడ ఏం అడుగుతారో ఒక్కరికీ తట్టలేదు.

కాషాయం బట్టలతో, నుదుట సింధూరంతో, ఉత్త కాళ్లతో నీ కొడుకు వచ్చి కూర్చుంటే, అక్కడి జంటలన్నీ సర్దుకొని కూర్చున్నాయి. సుల్తానాబాద్ నుంచి వచ్చిన ఒకామె మొగుణ్ని లాక్కొచ్చి మరీ ఆయన కాళ్లకు మొక్కింది. "మాకు పిల్లలు కావాలని దీవించు స్వామీ" అన్నది. ఈయన కాళ్లు వెనక్కి తీసుకున్నాడు.

"నేను సుత గందుకే వచ్చిన మాతా" అన్నాడు.

ఆమె ఒక్క క్షణం చూసి పక్కున నవ్వింది. నేనూ నవ్వాను, తర్వాత నలుగురూ నవ్వారు. అంతవరకూ ఆ గదిలో ఎవరూ ఎవరి ముఖమూ చూడలేదు. ఆ తర్వాత ఎవరు ఎక్కడినుంచి వచ్చారో, ఎన్ని మొక్కులు మొక్కారో అన్నీ బయటికొచ్చాయి.

మమతారాణి డాక్టరమ్మ నెమ్మది మనిషి. నా పాత పరీక్షలన్నీ చూసింది. "ఈమెకు అన్నీ మంచిగనే ఉన్నయి. ఇన్నేండ్లు ఒక్కదానికే ఎందుకు చేయించిండ్రు? ఇగ నరేశ్‌కు చేద్దాం" అన్నది. ఏం పరీక్షో విప్పి చెప్పింది. నాకు రాయాలంటే సిగ్గుగా ఉంది, నువ్వు పెద్దదానివి, అర్థం చేసుకో. పక్క గదిలోకి ఒక్కడే వెళ్లి, డబ్బీలో ఇచ్చి రావాలి. నీ కొడుకు ముఖం ఆ బట్టల రంగుకు తిరిగింది.

"మాలల ఉన్న మాతా. బ్రహ్మచర్యం" అన్నాడు.

డాక్టరమ్మ నావైపు చూసింది. "నేనేం జెయ్యాలె మేడం, పిల్లల కోసమని మా అత్తమ్మనే వేసుకొమ్మన్నది" అన్నాను. ఆమె నవ్వు ఆపుకోవడానికి సీసా ఎత్తి నీళ్లు తాగింది. "మంచిది స్వామీ. దీక్ష చెడగొట్టుకోకు. కొండగట్టుల మాల తీసినంక రా. కాని రాకుంట మాత్రం ఉండకు" అన్నది.

బయటికి రాగానే ఆయన గుండెల నిండా ఊపిరి పీల్చుకోవడం చూశాను. అప్పుడు నాకు కోపం వచ్చింది. బస్టాండులో ఆయనతో మాట్లాడలేదు. బస్సు వేములవాడ దాటాక ఆయనే నోరు విప్పాడు.

"మాల లేకున్నా ఇయ్యాల ఏదో ఒకటి జెప్పి తప్పించుకుంటుంటి జమునా. నాకు బుగులైతుంది."

"ఏం బుగులు?"

"లోపం నాదని తేల్తె, గిన్నేండ్లు నువ్వు పడ్డ మాటలన్నీ నా మీదికి వస్తయి గదా."

కిటికీ వైపు తిరిగి ఏడ్చాను అత్తమ్మా. నేను మాటలు పడుతున్నానని ఆయనకు తెలుసన్నమాట. తెలిసీ ఊరుకున్నాడు. అది చాలా నొప్పించింది. అయినా ఇన్నేళ్లకు ఒక నిజం మాట్లాడాడు. మాలలో ఉన్నాడు కాబట్టి తాకలేదు. లేకపోతే చెయ్యి పట్టుకునేదాన్నో, గట్టిగా గిచ్చేదాన్నో నాకే తెలియదు.

కొండగట్టులో మాల తీశాడు. నేను గుర్తు చెయ్యలేదు, చెయ్యవద్దనుకున్నాను. తర్వాతి వారం ఒక పొద్దున ఆయనే గడ్డం గీసుకొని, చెప్పులేసుకొని, "నడువు, కరీంనగర్ పోదాం" అన్నాడు. ఆ పరీక్ష ఇచ్చాడు.

ఇంతదాకా ఆపిన మాట ఇదే. లోపం నాలో లేదు అత్తమ్మా. నీ కొడుకులో ఉంది. బిడ్డ కావడానికి కావలసిన కణాలు ఆయనలో చాలా తక్కువున్నాయట. మందులిచ్చారు, గుట్కా పూర్తిగా మానమన్నారు, కొన్నాళ్లకు మళ్లీ పరీక్ష చేస్తారు. పిల్లలు కారని డాక్టరమ్మ అనలేదు, అవుతారని మాట కూడా ఇవ్వలేదు. చిన్నప్పుడు ఆయనకు గవద బిళ్లలు లేచి కింద కూడా వాచిందా అని అడిగింది, దానివల్ల కూడా ఇట్లా కావచ్చట. ఆయనకు గుర్తు లేదు, నీకే తెలియాలి. గుర్తుంటే రాయి. ఒకవేళ అట్లాంటిది జరిగినా, నీవల్లే అయిందని మాత్రం అనుకోకు. ఇది ఎవరి తప్పూ కాదని ఆమే చెప్పింది.

ఇంకొకటి కూడా నీకు తెలియాలి. మొన్న కార్ఖానాలో పక్క సాంచాల మీదున్న మొగిలి, "ఏమన్నరు నరేశ్ నీ పెండ్లానికి? ఇంకో పిల్లను సూడాల్నా?" అని పరాచికానికి అరిచాడు. ఆ చప్పుడులో ఎవరైనా అరిచే మాట్లాడాలి కదా. ఈయనా అంతే గట్టిగా జవాబు అరిచాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. సాంచాలన్నీ ఒక్కసారిగా ఆగిపోయాయి. "ఆమెకేం లేదు, లోపం నాదే" అన్న మాట కార్ఖానా అంతా వినబడింది.

కండెలు చుట్టే ఆడవాళ్లందరం చేతులాపాం. నవ్వేసి మాట మార్చాలంటే మార్చేవాడు. మార్చలేదు. "అవ్, నాదే" అని మెల్లగా ఇంకోసారి అన్నాడు. మొగిలి తల దించుకున్నాడు. కరీంనగర్ నుంచి మోసుకొచ్చిన నా కోపమంతా అక్కడే పోయింది అత్తమ్మా. ఆ మనిషి నా మొగుడని అందరి ముందూ గట్టిగా చెప్పాలనిపించింది.

అంత మంది ముందు చెప్పినవాడికి నీకు చెప్పడానికి మాత్రం ధైర్యం చాలడం లేదు. రోజూ ఫోన్ తీస్తాడు, నీ పేరు దాకా వెళ్తాడు, మళ్లీ జేబులో పెట్టుకుంటాడు. చివరికి నన్నే రాయమన్నాడు. ఇప్పుడు కూడా గడపలో కూర్చొని నా కలం వైపే చూస్తున్నాడు.

"గా ముచ్చట రాసినవా?"

"రాసిన."

"అవ్వ ఏమంటదో" అని లేచి బయటికి పోయాడు.

చదివాక ఏడుపు వస్తే ఏడువు అత్తమ్మా. ఆ తర్వాత ఆయనకు ఫోన్ చెయ్యి. ఇన్నేళ్లు నన్ను అడిగినట్టు మందులేంది, పరీక్షలేంది అని మాత్రం అడగకు. "కొడుకా, తిన్నవా?" అని అడుగు.

ఇట్లు,
నీ కోడలు
జమున